ప్రేయసి వదిలేసిందనే జార్జ్ మాథెసన్ ఆ కీర్తన రాశారా?

కాదనే అంటాను. చర్చి యూత్ మీటింగుల్లో ఈ కథ తెగ చెబుతారు: చూపు పోతోందని తెలిసి, చేసుకోవాల్సిన అమ్మాయి కాదందట, ఆ బాధలో ‘ఓ లవ్ దట్ విల్ట్ నాట్ లెట్ మీ గో’ (నన్ను విడిచిపెట్టని ప్రేమా) అనే ఇంగ్లీషు కీర్తన రాశారట. లెక్క ఎక్కడ కుదురుతుంది? మాథెసన్ గారు పుట్టింది 1842లో, గ్లాస్గోలో. చూపు కాలేజీ రోజుల్లోనే దాదాపు పోయింది. కీర్తన రాసింది 1882 జూన్ 6న. అప్పటికి నలభై ఏళ్ల మనిషి, స్కాట్లాండ్‌లో క్లైడ్ తీరాన ఇనెలన్ అనే ఊళ్లో పాస్టరు.

ఆయన చెప్పుకున్నదేమిటంటే, ఆ రోజు సోదరి పెళ్లి. ఇంటివాళ్లంతా గ్లాస్గోలో ఉండిపోయారు, పార్సనేజీలో, అంటే పాస్టరు ఇంట్లో, తనొక్కరే. తనకు మాత్రమే తెలిసిన ఏదో జరిగి మనసు విలవిల్లాడింది. అయిదు నిమిషాల్లో పాట వచ్చేసింది. ఆ ‘ఏదో’ ఏమిటన్నది ఆయన బయటపెట్టలేదు.

నేను మాత్రం ఆ పెళ్లినే పట్టుకుంటాను. నాకూ చూపు బాగా తక్కువ. డిగ్రీ పుస్తకాలన్నీ మా అక్కే చదివి వినిపించింది. చదువు పదో తరగతితో ఆపేసిన మనిషి. ఎకనామిక్స్ పరీక్ష ముందురోజు రాత్రి కరెంటు పోతే, ఒక చేత్తో కొవ్వొత్తి పట్టుకుని, రెండో చేతి బొటనవేలు లైను కింద జరుపుకుంటూ, ‘ద్రవ్యోల్బణం’ దగ్గర తడబడి, కూడబలుక్కుని మళ్లీ మొదటి నుంచి చదివింది. మైనం వేళ్ల మీద పడుతున్నా ఆపలేదు. పరీక్ష హాల్లో నేను చెబితే రాయడానికి నాకిచ్చిన స్క్రైబ్ అదే మాటను తప్పుగా రాస్తే వచ్చిన కోపం ఇంకా పోలేదు. అక్క అత్తారింటికి వెళ్లిన రాత్రి మా ఇల్లు ఎలా ఉందో నాకు తెలుసు. అందుకే ప్రేయసి కథ నాకు ఎక్కదు.

మాథెసన్ గారి కోసం ఆయన అక్కచెల్లెళ్లు లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నారు. ఆయనేమో తన ప్రసంగాలు కంఠతా పట్టి చెప్పేవారు. 1885లో స్కాట్లాండ్‌లోని రాజనివాసం బాల్మోరల్‌లో విక్టోరియా రాణి ముందు కూడా వాక్యం చెప్పారు. ఇవి ఎవరూ చెప్పరేం? ఇప్పుడు స్క్రీన్ మీద పాట వేసేటప్పుడు రాసినవారి పేరే తీసేస్తున్నారు, ట్యూన్ కట్టిన ఆల్బర్ట్ పీస్ ఊసు అసలే లేదు. మీ సంఘంలో పాటకు ముందు ఏదైనా చెప్పాలనుకుంటే, ఆ అక్కచెల్లెళ్ల సంగతి చెప్పండి.