మాస్టారూ, గోడకి చెమ్మ ఎలా ఎక్కుతోంది?

ప్రశ్న: మాస్టారూ, పర్లాకిమిడిలో మహేంద్రతనయ ఏటికి దగ్గర్లో మా అత్తగారి కాలంనాటి ఇటుక ఇల్లు ఉంది. వంటింటి గోడకి నేల నుంచి రెండడుగుల దాకా చెమ్మ. ఏటా సున్నం వేయిస్తాం, దీపావళి నాటికి పెచ్చులూడిపోతుంది. పైపు లీకేజీ లేదు, కప్పు కారడం లేదు. నీరు పల్లమెరుగు అంటారు కదా, మరి గోడెలా ఎక్కుతోంది? మేస్త్రీ మూడడుగుల దాకా టైల్స్ వేసేద్దాం అంటున్నాడు. వేయించమంటారా?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: వద్దమ్మా. అడ్వాన్స్ ఇచ్చి ఉండకపోతే ఇవ్వకండి.

ఎండలో బాగా ఆరిన ఇటుకని పళ్లెంలో నిలబెట్టి కాసిని నీళ్లు పోయండి. ముందు చిన్న బుడగలొస్తాయి. కాసేపటికి ముదురు ఎరుపు గీత ఒకటి పైకి పాకుతుంది. ఇటుక నిండా కంటికి ఆనని సన్నటి దారులుంటాయి. నీటికి ఆ దారుల లోపలి గోడలని అంటుకునే గుణం ఎక్కువ, అంచు పట్టుకుని పైకి పాకుతుంది. నీటి కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి వెనకున్నవీ వస్తాయి. ప్రమిదలో వత్తి నూనె పీల్చేదీ ఇలాగే. దీన్నే కేశనాళికీయత అంటారు. దారి ఎంత సన్నమైతే అంత ఎత్తు: 1 మిల్లీమీటరు వ్యాసమున్న గాజు గొట్టంలో నీరు సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కుతుంది, అందులో పదోవంతు గొట్టమైతే 30. ఇంగ్లండు శాస్త్రవేత్త జేమ్స్ జూరిన్ 1718 ప్రాంతంలో తేల్చిన లెక్క ఇది.

ఇటుకలో దారులు ఇంకా సన్నం. మరి మీ గోడ రెండడుగుల దగ్గరే ఎందుకాగింది? గాలి వల్ల. కింద ఎంత తాగుతోందో అంతా గోడ ముఖం నుంచి ఆరిపోయే ఎత్తు అది. నీరు ఆవిరైపోతుంది, నేలలోంచి తెచ్చిన ఉప్పు మిగులుతుంది. అది పలుకులు కట్టి సున్నాన్ని వెనక నుంచి నెట్టేస్తుంది. ఊడిన పెచ్చు వెనక వేలికి అంటే తెల్లపొడి అదే.

టైల్స్ వేస్తే ఆరే దారి మూసుకుపోతుంది, చెమ్మ వాటిని దాటి ఎక్కుతుంది. పాతపట్నంలో మా ఇంట్లో అదే జరిగింది. రెండు వానాకాలాలు తిరగకుండానే టైల్స్‌కి పైన, నాలుగున్నర అడుగుల దగ్గర గీత తేలింది. అక్కడే మేకుకి అమ్మానాన్నల పెళ్లి ఫొటో ఉండేది. అట్ట ఉబ్బి ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. విడదీస్తే నాన్న ముఖం అద్దంతో పాటే ఊడొచ్చింది. ఇప్పటికీ ఆ గోడవైపు చూడలేను.

ముందు గోడ బయటివైపు చూడండి. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి మన పాత ఇళ్లు పల్లంలో పడ్డాయి. గోడ పక్కన పేరుకున్న మట్టిని ఇంటి నేల కన్నా జానెడు కిందకి దించి, వాననీరు బయటికి వాలేలా చేయించండి. వేసవిలో సిమెంటు పూత ఉంటే కొట్టించి, గోడని ఆరనిచ్చి మళ్లీ సున్నం గచ్చే వేయించండి. ఆయిల్ పెయింట్ జోలికి పోకండి, సిమెంటులాగే అదీ ఆరే దారి మూసేస్తుంది. ఒక్క వేసవిలో పూర్తిగా ఆరదు, పెచ్చులు రాలినా టెన్షన్ పడకండి. ఉప్పు పూతలో దిగుతున్నంతకాలం ఇటుక బతుకుతుంది.

ఎప్పుడైనా కొత్త గది కట్టిస్తే మాత్రం, పునాది మీద గోడ లేవకముందే డీపీసీ అనే చెమ్మ అడ్డుపొర వేయించండి. ఆ రోజు దగ్గరుండి చూసుకోండి.