కథ జరగని కథలు, చిత్రకళ: ‘క్యూ గార్డెన్స్’ ఆధారంగా ఒక సమాధానం

ఆధునికతావాద (ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల ‘మోడర్నిస్ట్’) కథల్లో ఏమీ జరగదనీ, వాటిని చిత్రకళతో కలిపి చూడాలని విమర్శకులు అంటారనీ, ఆ మాట చదువరికి నిజంగా పనికొస్తుందా అనీ మీరు అడిగారు. పనికొస్తుంది. అయితే ‘వర్ణన ఎక్కువ కాబట్టి బొమ్మలా ఉంది’ అనే అర్థంలో తీసుకుంటే మాత్రం పనికిరాదు. వర్ణనలు మన ప్రబంధాల్లో ఇంతకన్నా దండిగా ఉన్నాయి. ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థులకు చాలాకాలం ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ కథ ‘క్యూ గార్డెన్స్’ పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి ఆ ఒక్క కథనే పట్టుకుని చెబుతాను.

జూలై నెలలో లండన్ క్యూ ఉద్యానంలోని అండాకారపు పూలమడి పక్కనుంచి పిల్లలతో ఒక భార్యాభర్తలు, తరువాత ఒక ముసలాయనా ఆయన వెంట ఒక యువకుడూ, వాళ్ల వెనకే ఇద్దరు పెద్దవయసు స్త్రీలు, చివరకు ఒక పడుచుజంట నడిచిపోతారు. మడిలో ఒక నత్త, అడ్డొచ్చిన ఎండుటాకును చుట్టి పోవాలా, ఎక్కి పోవాలా అని ఆలోచిస్తూ ఉంటుంది. కథ అంతే. తరగతిలో ఎవరో ఒకరు ‘తరువాత ఏమైంది సార్?’ అని తప్పకుండా అడిగేవారు. నేను దానికి జవాబు చెప్పకుండా, ప్రతి పేరా పక్కన చూసే కన్ను ఎక్కడుందో, నేలకు ఎంత ఎత్తులో ఉందో పెన్సిలుతో గుర్తుపెట్టమనేవాణ్ణి.

ఆ గుర్తులు పెట్టాక కథ వేరుగా కనిపిస్తుంది. మొదటి పేరాలో కన్ను మట్టికి ఆనుకుని ఉంటుంది: పూరేకుల మీదుగా దిగిన వెలుగు ఒక గులకరాయి బూడిదరంగు వీపు మీద, నత్త గుల్ల మీది గోధుమవన్నె చారల మీద పడుతుంది, ఒక వానచుక్కలోకి దూరి దాని పలుచని గోడలు ఇక పగిలిపోతాయేమో అన్నంతగా ఎరుపు, నీలం, పసుపు రంగులతో ఉబ్బిస్తుంది. మనుషులు వచ్చినప్పుడు కన్ను పైకి లేస్తుంది, కానీ వాళ్ల వెంట పోదు. కాస్త దూరం వెళ్లగానే ఆ భార్యాభర్తలు చెట్ల మధ్య చిన్నవాళ్లై, వీపుల మీద ఎండానీడలు పాకుతుండగా సగం పారదర్శకంగా మారిపోతారు, మనం మళ్లీ నత్త దగ్గరికి వచ్చేస్తాం. మనిషికి ఎంత చోటో నత్తకూ ఇంచుమించు అంతే చోటు. పాత్ర గొప్పతనాన్ని బట్టి కాక, పుట మీద దాని స్థానాన్ని బట్టి విలువ కట్టే ఈ పద్ధతి నవలల నుంచి వచ్చింది కాదు.

అది ఎక్కడి నుంచి వచ్చిందో చాలావరకు స్పష్టంగానే చెప్పవచ్చు. 1910 నవంబరులో కళావిమర్శకుడు రోజర్ ఫ్రై లండన్‌లోని గ్రాఫ్టన్ గ్యాలరీల్లో సెజాన్, గోగాఁ, వాన్ గో చిత్రాలతో ప్రదర్శన పెట్టినప్పుడు పత్రికలు వెక్కిరించాయి. ఫ్రై మాత్రం కళ జీవితాన్ని అనుకరించదనీ, దానికి సమానమైన మరో రూపాన్ని నిర్మిస్తుందనీ వాదిస్తూ పోయాడు. వుల్ఫ్ అక్క వెనెస్సా బెల్ చిత్రకారిణి, ఫ్రైకి సన్నిహితురాలు. ఆ ప్రదర్శనలో చూసిన వాన్ గో చిత్రాలు రచన గురించి తనకు ఒక రకమైన స్వేచ్ఛను నేర్పాయని కథారచయిత్రి కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ 1921లో తన చిత్రకారిణి స్నేహితురాలు డొరోతీ బ్రెట్‌కు రాసింది. స్వేచ్ఛ అనే మాటను గమనించండి. చిత్రకారులు కథకులకు వస్తువును ఇవ్వలేదు, కథాంశాన్ని వదిలేసినా నిర్మాణం నిలుస్తుందన్న ధైర్యాన్ని ఇచ్చారు.

‘క్యూ గార్డెన్స్’ను 1919లో వుల్ఫ్ దంపతుల సొంత ముద్రణాలయం హోగార్త్ ప్రెస్, వెనెస్సా ఉడ్‌కట్‌లతో (చెక్కపలక మీద చెక్కి అచ్చుతీసే బొమ్మలతో) అచ్చువేసింది. అచ్చు బాగాలేదని ఆమె చెల్లెలితో గట్టిగానే పోట్లాడి, ఇలాగైతే ఇక నీ కథలకు బొమ్మలు వేయనని చెప్పింది. (ఆ కోపం ఎంతోకాలం నిలవలేదు.) 1927లో వచ్చిన ముద్రణలో ఆమె గీతలు ప్రతి పుటలోనూ అక్షరాల చుట్టూ అల్లుకున్నాయి. ఆ ముద్రణకు వచ్చిన ప్రతిరూపాన్ని చూసినప్పుడు నాకు బాగా తెలిసొచ్చింది ఇద్దరు స్త్రీల సంభాషణ సంగతి. వాళ్ల మాటల్లో మనుషుల పేర్లు, పంచదార, పిండి, చేపలు, కూరగాయలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటాయి. వాళ్లలో ఒకామె వినడం మానేసి, రాలిపడుతున్న మాటల మధ్యనుంచి పూలను చూస్తూ నిలబడిపోతుంది. అంటే కథలోని పాత్రే మాటను అర్థంగా కాక అల్లికగా చూస్తోంది.

ఈ రాకపోకలు ఒకవైపు సాగినవి కావు. వెనెస్సా వేసిన ఒక చిత్రంలో ముగ్గురు స్త్రీలు తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటుంటే వెనక కిటికీలోంచి పూలమడి కనిపిస్తుంది. అది ఇప్పుడు లండన్ కోర్టాల్డ్ గ్యాలరీలో ఉంది. 1928లో వుల్ఫ్ ఆ చిత్రాన్ని తలచుకుని, నువ్వు చమత్కారమున్న కథకురాలివి కూడా అని అక్కకు రాసి, దాన్ని వచనంలో తాను రాయగలనా అని సందేహపడింది.

తెలుగులో ఈ ప్రశ్న వస్తే సహజంగా బుచ్చిబాబు గుర్తొస్తారు, ఆయన నీటిరంగుల చిత్రకారుడు కూడా కాబట్టి. కానీ ఆయన కథల్లో చూపు వెంటనే ఆలోచనగా మారి, వ్యాఖ్యానంలోకి వెళ్లిపోతుందని నా అభిప్రాయం. కుంచె పట్టినంత మాత్రాన కథ చిత్రనిర్మాణాన్ని అనుసరించాలన్న నియమం లేదు, అది లోపమూ కాదు.

ఈ పద్ధతికి హద్దు ఎక్కడుందో చూడాలనుకుంటే వుల్ఫ్ 1921 సంపుటి ‘మండే ఆర్ ట్యూస్‌డే’లో ‘బ్లూ అండ్ గ్రీన్’ అనే రెండు చిన్న ఖండికలను చదవండి. అక్కడ రంగు తప్ప మరేమీ లేదు. పాలరాతి మీద కారే ఆకుపచ్చ మొదటి రెండు వాక్యాల దాకా బాగుంటుంది, తరువాత నాకు విసుగు పుడుతుంది. ‘క్యూ గార్డెన్స్’లో నత్త ఆకు దగ్గర ఆగుతుంది, ఆలోచిస్తుంది, చివరకు ఆకు కిందనుంచి దూరుతుంది, ఆ మాత్రపు కాలం గడవడం ‘బ్లూ అండ్ గ్రీన్’లో లేదు.