విమర్శ అంటే తప్పుపట్టడమేనా?

సందేహం: మాస్టారూ, అమెరికా గాయకుడు పాల్ సైమన్ 2023లో తెచ్చిన ‘సెవెన్ సామ్స్’ ఆల్బమ్ మీద ఒక చిన్న వ్యాసం రాస్తున్నాను. అందులో ‘అనుభవజ్ఞుడైన గాయక గేయరచయిత యొక్క ఈ ప్రతిబింబాత్మక ఆల్బమ్ గొప్ప విమర్శనాత్మక ఆదరణ పొందింది’ అని రాశాను. మా అమ్మ అది చదివి ‘అయ్యో, పెద్దాయన్ని అందరూ అంతగా ఎందుకు విమర్శించారే?’ అంది. నా వాక్యంలో తప్పేమిటి? ఆయన్ని వాగ్గేయకారుడు అనవచ్చా?

సమాధానం: అమ్మా, మీ అమ్మగారు సరిగ్గానే చదివారు. ‘ప్రతిపక్షం ప్రభుత్వాన్ని విమర్శించింది’ అని రోజూ పేపర్లో చూసేవాళ్ళకి విమర్శ అంటే తప్పుపట్టడమే.

అసలు అర్థం అది కాదు. సంస్కృతంలో ‘మృశ్’ ధాతువుకి తాకడం అని అర్థం. దానికి ‘వి’ చేరితే తడిమి చూసి మంచీ చెడూ ఆలోచించడం, అదే విమర్శ. అదే ధాతువుకి ‘పరా’ చేరితే పరామర్శ. ఒక కడుపున పుట్టిన ఈ రెండు మాటల్లో ఒకటి తెలుగులో నిందకి దగ్గరైతే రెండోది ఓదార్పుకి దగ్గరైంది, హిందీవాళ్ళకేమో పరామర్శ్ అంటే సలహా. మాటలు ఇలా దారి మార్చుకోవడం కొత్తేమీ కాదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు తన పుస్తకానికి ‘కవిత్వతత్త్వ విచారము’ అని పేరు పెట్టినప్పుడు విచారమంటే పరిశీలన. ఇవాళ ఆ పేరు విన్న పిల్లలు ‘కవిత్వానికి ఏం బాధ వచ్చింది?’ అని అడుగుతారు. వాళ్ళని తప్పనలేం, విచారం ఇప్పుడు దుఃఖమే.

అయితే ఒక విశేషం ఉంది. ‘విమర్శకుల ప్రశంసలు పొందిన సినిమా’ అంటే ఎవరూ తికమకపడరు. విమర్శకుడు అనే మాటలో పాత అర్థం ఇంకా బతికి ఉంది, ‘సాహిత్య విమర్శ’లోనూ ఉంది. ‘విమర్శించారు’ అనే క్రియలోకి వచ్చేసరికే అది పోయింది. మీరు వాడిన ‘విమర్శనాత్మక’ కూడా ఆ క్రియ వైపే మొగ్గుతుంది. పైగా దాన్ని ఆదరణకి తగిలించారు. ఆదరించడమంటే ఇష్టంగా దగ్గరికి తీసుకోవడం కదా, అది ఉంటుంది లేదా ఉండదు, విమర్శనాత్మకంగా ఎలా ఉంటుంది? మెచ్చుకున్నది ఎవరో చెప్పేస్తే చిక్కే లేదు: ‘సమీక్షకులు ఎంతో మెచ్చుకున్నారు’.

ఇక ‘ప్రతిబింబాత్మక’. ఈ మాట నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే ఆ ఆల్బమ్‌లో ఉన్నదాన్ని అది కప్పేస్తోంది. ప్రతిబింబం అద్దంలోనో నీళ్ళలోనో కనబడేది. సైమన్ చేసింది వేరు. 2018లో వీడ్కోలు పర్యటన ముగించిన మనిషికి 2019 జనవరిలో ఒక కల వచ్చింది, నువ్వు ‘సెవెన్ సామ్స్’ అనే రచన మీద పనిచేస్తున్నావని ఆ కల చెప్పిందట. ఆ తర్వాత తెల్లవారకముందే మెలకువ వచ్చి మాటలు రాసుకుంటూ వచ్చాడు. పని జరుగుతుండగానే ఎడమ చెవికి వినికిడి పోయింది. 81 ఏళ్ళ వయసులో విడుదల చేసిన ఆ 33 నిమిషాల సంగీతాన్ని ఏడు భాగాలుగా రాసినా, ఆపకుండా ఒకే పాటగా వినాలని కోరాడు. దేవుడున్నాడా, నన్ను క్షమిస్తాడా, పోవాల్సిన వేళ వచ్చిందా అని గిటార్ పట్టుకుని తనలో తాను అనుకుంటున్నట్టుంటుంది. దీనికి మనకి ‘తలపోత’ అనే చక్కటి మాట ఉంది. ‘తలపోసుకుంటూ’ అనండి, ‘తన లోపలికి తాను చూసుకుంటూ’ అన్నా సరే.

వాగ్గేయకారుడు అనవచ్చు, నాకే అభ్యంతరమూ లేదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో మాటని ‘మాతువు’ అనీ, సంగీతాన్ని ‘ధాతువు’ అనీ (వ్యాకరణంలో ధాతువు వేరు), రెండూ కూర్చేవాడు వాగ్గేయకారుడనీ చెప్పాడు. భక్తి ఉండాలన్న షరతు ఆ నిర్వచనంలో లేదు. అన్నమయ్య, త్యాగయ్యల వల్ల ఆ మాటకి భక్తి వాసన అంటుకుంది గానీ గద్దర్‌నీ, వంగపండునీ, గోరటి వెంకన్ననీ ప్రజా వాగ్గేయకారులంటున్నాం కదా. అమెరికా మనిషికి అంత పెద్ద మాటా అని మీకు జంకు ఉంటే ‘పాట తానే రాసి, బాణీ కట్టి పాడే’ అని విప్పి చెప్పండి. ‘అనుభవజ్ఞుడైన’ అనేది ఉద్యోగ ప్రకటనలో మాటలా ఉంది, ‘తలపండిన’ అంటే చాలు. ‘యొక్క’ తీసెయ్యండి.

నేనైతే ఇలా రాస్తాను: ‘తలపండిన వాగ్గేయకారుడు పాల్ సైమన్ తన జీవితాన్నీ, రాబోయే మరణాన్నీ తలపోసుకుంటూ చేసిన ఈ ఆల్బమ్‌ని సమీక్షకులు ఎంతో మెచ్చుకున్నారు.’

మీరు అడగలేదు గానీ, ఆల్బమ్ పేరుని తెలుగులో వివరించాల్సి వస్తే ‘ఏడు కీర్తనలు’ అనండి. సామ్స్ అంటే బైబిల్లోని భక్తి గీతాలు. తెలుగు బైబిల్లో ఆ భాగం పేరు ‘కీర్తనల గ్రంథము’, అన్నమయ్య పాటనీ మనం కీర్తనే అంటాం. ఈ ఆల్బమ్‌లో మొదటి భాగం మధ్యమధ్యలో పల్లవిలా మళ్ళీ మళ్ళీ వస్తుంది కూడా. మీ అమ్మగారికి ఒకసారి వినిపించి చూడండి.