కుక్క తొడ మీద గడ్డ: కోయించే ముందు సూది పరీక్ష

ప్రశ్న: మాది చిత్తూరు. మా లాబ్రడార్ ఆడకుక్కకు ఎనిమిదేళ్లు. నాలుగు నెలలుగా వెనక తొడ మీద ఓ గడ్డ ఉంది. ఒకరోజు నిమ్మకాయంత అవుతుంది, రెండు రోజులకే ఉసిరికాయంతకు తగ్గిపోతుంది. కొవ్వు గడ్డే, వదిలేయమని కొందరు, వెంటనే కోయించేయమని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: కొవ్వు గడ్డ ఇలా రోజుల్లో పెరిగి తరగదు. మీరు చెప్పిన ఈ ఒక్క లక్షణం చాలు, మాస్ట్ సెల్ ట్యూమర్‌ని, అంటే మాస్ట్ కణాలు పెరిగి ఏర్పడే గడ్డని, ముందుగా అనుమానించడానికి. కుక్కల చర్మ క్యాన్సర్లలో తరచుగా కనిపించేది ఇదే. లాబ్రడార్, బాక్సర్, పగ్‌లలో మరీను. ఈ కణాల నిండా వాపు తెచ్చే హిస్టమిన్, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఉన్న సన్నని గింజలుంటాయి. గడ్డను నొక్కినా, కుక్క గోక్కున్నా అవి పగిలి చుట్టూ ఎర్రగా వాస్తుంది, తర్వాత దిగిపోతుంది. అందుకే రోజూ పిసికి చూడకండి. సున్నం రాయడం, దారం కట్టడం అసలే వద్దు. వాచిన రోజు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి డాక్టరుకు చూపించండి.

చేత్తో తడిమి ఇది ఫలానా గడ్డ అని ఎవరూ తేల్చలేరు. అందుకే సూది పరీక్ష: సన్నని (22 లేదా 23 గేజ్) సూదితో కాసిన్ని కణాలు తీసి, గాజు పలక మీద పరిచి రంగు వేస్తారు. మాస్ట్ కణాలైతే ఊదారంగు గింజలు ఆవాలు చల్లినట్టు కనిపిస్తాయి. సాధారణంగా మత్తు కూడా అక్కర్లేదు. త్వరగా పట్టే రంగులు ఒక్కోసారి ఈ గింజలకు అంటవు. అనుమానం మిగిలితే జీమ్సా లేదా టొలుయిడిన్ బ్లూ వేయమని అడగండి. మోకాలి వెనక, గజ్జలో లింఫు గ్రంథులు వాయకపోయినా వాటి నుంచీ కణాలు తీయించాలి. ప్లీహం, కాలేయం స్కానింగ్, రక్తపరీక్ష కూడా అవసరం. చిత్తూరులో కుదరకపోతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి. పరీక్ష కాకముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం వేయించొద్దు. గడ్డ కుంచించుకుపోయి నయమైందనిపిస్తుంది, నెలలు వృథా అవుతాయి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఆపరేషన్‌లోనే. గడ్డ వరకే గీరి తీస్తే, కంటికి కనిపించని కణాలు అంచుల్లో మిగిలి మళ్లీ పెరుగుతాయి. రెండోసారి కోయడానికి తొడ మీద చర్మం చాలదు. మొదటి కోతే అసలైన అవకాశం. చుట్టూ 2 నుంచి 3 సెంటీమీటర్లు, లోతుకు కండరం మీది పొర ఒకటి కలిపి తీయాలి. 2 సెంటీమీటర్ల గడ్డకు గాయం కనీసం 6 సెంటీమీటర్ల వెడల్పు, అంతకంటే ఎక్కువ పొడవు ఉంటుంది. అది చూసి కంగారు పడకండి, అలాగే ఉండాలి. గడ్డను కదిపితే రక్తపోటు పడిపోవచ్చు కాబట్టి, ముందే హిస్టమిన్‌ను అడ్డుకునే డైఫెన్‌హైడ్రమిన్ కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున ఇంజెక్షన్ ఇస్తారు. హిస్టమిన్ వల్ల పొట్టలో పుండ్లు పడకుండా ఫామోటిడిన్ కిలోకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము. ఇవన్నీ డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. మన నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఇంట్లో ఇవ్వకండి. నల్లటి విరేచనం, నెత్తుటి వాంతి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

తీసిన గడ్డను పారేయనివ్వకండి. దానికి పదింతల 10 శాతం ఫార్మలిన్‌లో వేసి, మొత్తంగా బయాప్సీకి పంపించండి. రిపోర్టులో గ్రేడు (క్యాన్సర్ ఎంత ఉధృతమైనదో), కణ విభజన లెక్క, అంచులు శుభ్రంగా ఉన్నాయా లేదా అన్న మూడు సంగతులూ ఉండాలి. తక్కువ గ్రేడు, శుభ్రమైన అంచులు, గ్రంథుల్లో ఏమీ లేకపోతే చాలా కుక్కలకు ఆపరేషన్‌తోనే సరిపోతుంది. గ్రేడు ఎక్కువైనా, గ్రంథులకు పాకినా క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్, స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసొలోన్ కలిపి ఇస్తారు. విన్‌బ్లాస్టిన్ నాలుగు వారాలు వారానికోసారి, ఆపై రెండు వారాలకోసారి మరో నాలుగు డోసులు. ప్రతి డోసు ముందూ రక్తంలో తెల్లకణాల లెక్క చూడాల్సిందే. మందు నరం దాటి బయటికి కారితే అక్కడి చర్మం కుళ్లుతుంది కాబట్టి కొత్తగా పెట్టిన కాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం) లోనే ఎక్కించమనండి. ప్రెడ్నిసొలోన్‌ను ఒక్కసారిగా ఆపకూడదు.

కుట్లు 12–14 రోజులుంచి, అన్నాళ్లూ మెడకు కోన్ తీయకండి. ఆ తర్వాత నెలకోసారి ఒళ్లంతా తడిమి చూడండి. కొత్త గడ్డ తగిలితే దానికీ విడిగా సూది పరీక్షే.