సబ్బు గట్టిపడింది సరే, మరి చెయ్యి ఎందుకు మండుతోంది?

దసరా, విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతర, దీపావళి వరసగా వస్తున్నాయి కాబట్టి ఈసారి ప్రశ్నలన్నీ ఇంట్లో చేసే సబ్బులు, కొవ్వొత్తుల గురించే. మొదటి ప్రశ్నకి జవాబు కాస్త పొడుగైంది. అందులో ఒక చిన్నపిల్ల చర్మం సంగతి ఉంది కాబట్టి తొందరగా తేల్చేయబుద్ధి కాలేదు.

ప్రశ్న: అక్కా, మాది సోంపేట దగ్గర పల్లె. మా తోటలో కాయల నుంచి ఆడించిన కొబ్బరినూనె ఇంట్లో ఉందని, వీడియో చూసి సబ్బు చేశాను. లీటరు నూనె, 174 గ్రాముల కాస్టిక్ సోడా, 350 గ్రాముల నీళ్లు. తెల్లగా, గట్టిగా వచ్చింది. మర్నాడు కోస్తే మాత్రం ముక్కలు విరిగిపోయాయి. నాలుగు వారాలు ఆరబెట్టి వాడితే చేతులు మండుతున్నాయి, మా పాపకి మోచేతి దగ్గర ఎర్రగా కందింది. ఇంకో నెల ఆరబెడితే తగ్గుతుందా?

జవాబు: తగ్గదమ్మా. ముందు ఆ సబ్బు పాపకి వాడటం ఈరోజే ఆపేయ్. కందిన చోట మంచినీళ్లతో బాగా కడుగు, రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకి చూపించు.

నీ లెక్క తప్పు కాదు, కొలత తప్పింది. 174 గ్రాములనేది కిలో కొబ్బరినూనెకి, అందులో ఐదు శాతం నూనె సబ్బు కాకుండా మిగిలేట్టు లెక్కేసిన కాస్టిక్. నువ్వు పోసింది లీటరు. నూనె నీళ్లకంటే తేలిక కదా, లీటరు కొబ్బరినూనె కాటా మీద పెడితే 915 గ్రాములకి అటూ ఇటూగా తూగుతుంది. అనుమానంగా ఉంటే వంటింట్లో ఉన్న ఏ నూనె ప్యాకెట్ అయినా తిప్పి చూడు, లీటరు అని ఉన్న దగ్గరే 910 గ్రాములని కూడా అచ్చువేసి ఉంటుంది. ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక గ్రాము కొబ్బరినూనె పూర్తిగా సబ్బు కావడానికి 0.183 గ్రాముల కాస్టిక్ పడుతుంది, అంటే నీ 915 గ్రాములకి 167న్నర చాలు. మిగిలిన ఆరేడు గ్రాములకి పట్టుకోవడానికి నూనె దొరక్క అది సబ్బులోనే ఉండిపోయింది, ఇప్పుడు చర్మాన్ని పట్టుకుంటోంది. ఆరబెడితే పోయేది నీళ్లే, కాస్టిక్ కాదు.

నిర్ధారించుకోవాలంటే తడి వేలితో సబ్బు మీద ఒకసారి రాసి, ఆ వేలిని నాలుక కొసకి అలా తాకించి వెంటనే నోరు పుక్కిలించు. సబ్బు రుచి తగిలితే ఫరవాలేదు, కరెంటు తగిలినట్టు చురుక్కుమంటే కాస్టిక్ మిగిలిందని అర్థం.

పారేయక్కర్లేదు. చేతులకి గ్లౌజులు వేసుకుని ముక్కలన్నీ కొబ్బరికోరులా కోరి, స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెని మరిగే నీళ్లున్న ఇంకో గిన్నెలో కూర్చోబెట్టి, అర గ్లాసు నీళ్లు, నువ్వు తక్కువ వేసిన ఆ 85 గ్రాముల కొబ్బరినూనె కలిపి సన్నటి మంట మీద గంట, గంటన్నర తిప్పుతూ ఉడికించు. (ఇప్పటికే కొన్ని ముక్కలు అరగదీసి ఉంటే నూనె ఆ మేరకి తగ్గించు.) ముద్దగా అయ్యాక అచ్చులో నొక్కి పెట్టేయ్. చల్లారాక నాలుక పరీక్ష మళ్లీ చెయ్యి. చురుక్కుమనకపోయినా నా మాట విని దాన్ని బట్టలకి, గిన్నెలకి వాడు, పాప ఒంటికి వద్దు.

ఒంటి సబ్బు కొత్తగా చేసుకో. అచ్చంగా కొబ్బరినూనెతో చేసిన సబ్బు మురికిని ఎంత బాగా వదిలిస్తుందో చర్మాన్ని అంత పొడిబారుస్తుంది, అందుకని నూనెలో ఐదో వంతు సబ్బు కాకుండా మిగిలిపోయేట్టు కాస్టిక్ తగ్గించాలి. 500 గ్రాముల నూనెకి, గుర్తుపెట్టుకో, 500 మిల్లీలీటర్లకి కాదు, 73 గ్రాముల కాస్టిక్, 150 గ్రాముల నీళ్లు. నూనె, కాస్టిక్, నీళ్లు మూడూ కాటా మీదే తూచాలి. గ్రాము తేడా కూడా చూపించే చిన్న డిజిటల్ కాటా లేకపోతే సబ్బు పని మొదలుపెట్టొద్దు. ముక్కలు విరిగిన సంగతి అడిగావు, కొబ్బరిసబ్బు మిగతా వాటికంటే చాలా తొందరగా గట్టిపడుతుంది, మర్నాటిదాకా ఆగితే పెళుసైపోతుంది. పోసిన మూడు నాలుగు గంటల నుంచి నొక్కి చూస్తూ ఉండు, జున్నులా ఉన్నప్పుడే గ్లౌజులతో కోసెయ్.

కాస్టిక్ దగ్గర జాగ్రత్తలు నీకు తెలిసే ఉంటాయి, అయినా రాస్తున్నాను. నీళ్లలో కాస్టిక్ కొద్దికొద్దిగా వేయాలి తప్ప కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా ఉడికిపోయి మొహం మీదకి చిమ్ముతుంది. కళ్లు మొత్తం కప్పే రక్షణ అద్దాలు, గ్లౌజులు ఉండాలి. పని వంటింట్లో కాదు, గాలి తగిలే వరండాలో చెయ్యాలి, పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. ఒంటి మీద పడితే నిమ్మరసం, వెనిగర్ రాయకుండా కుళాయి కింద పదిహేను, ఇరవై నిమిషాలు కడగాలి. కంట్లో పడితే కూడా అంతసేపూ కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కిరాణాలో దొరికే చాకలి సోడా వేరు, కాస్టిక్ సోడా వేరు. మురుగు పైపుల పొడులు అసలు వాడకూడదు, వాటిలో కొన్నింట్లో అల్యూమినియం ముక్కలు కలుపుతారు.

అల్యూమినియం అంటే గుర్తొచ్చింది. మొదటిసారి నేను కాస్టిక్ నీళ్లు కలిపింది అన్నం వండే అల్యూమినియం గిన్నెలో. నిమిషంలో అడుగు నుంచి బుడగలు పొంగుతూ బుస్సుమని శబ్దం, తెల్లటి గిన్నె నా కళ్ల ముందే నల్లబడింది. ఆ బుడగలు హైడ్రోజన్, అంటుకునే గ్యాసు, అడుగు దూరంలో స్టవ్ వెలుగుతోంది. ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడ. స్టీలు గిన్నె గానీ మందపాటి ప్లాస్టిక్ డబ్బా గానీ వాడు. ఇంట్లో బుడితి ఇత్తడి గిన్నె ఉన్నా ఈ పనికి దించకు, ఇత్తడిలో ఉండే జింకుని కూడా కాస్టిక్ తినేస్తుంది.

ప్రశ్న: ఆమదాలవలసలో డిగ్రీ చదువుతున్నాను. పసుపు సబ్బు చేద్దామని కాస్టిక్ నీళ్లలో పసుపు వేస్తే రక్తంలా ఎర్రగా అయిపోయింది. పసుపు కల్తీదా?

జవాబు: కల్తీ కాదు తల్లీ. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, పెళ్లిలో ఎర్రనీళ్లు దిష్టి తీసేదీ అలా కలిపినవే. సున్నం చేసే పనే కాస్టిక్ ఇంకా గట్టిగా చేసింది. సబ్బు ఆరే కొద్దీ ఆ ఎరుపు తగ్గి నారింజకో ఆవపిండి రంగుకో వస్తుంది. ఈసారి పసుపుని కాస్టిక్ నీళ్లలో కాకుండా చెంచాడు నూనెలో కలిపి, సబ్బు దోసెపిండిలా చిక్కబడ్డాక వెయ్యి. అరకిలో నూనెకి ఒక టీస్పూను మించితే తువ్వాలుకి మరకలు పడతాయి.

ప్రశ్న: బొబ్బిలిలో ఉంటాను, రిటైరైన మాస్టారిని. మనవరాలితో కలిసి గాజు గ్లాసుల్లో కొవ్వొత్తులు పోశాను. మధ్యలో గుంట పడింది. వెలిగిస్తే వత్తి చుట్టూ మాత్రమే కరిగి బావిలా దిగిపోయి ఆరిపోతోంది. వత్తి దేవుడి దీపానికి వాడే దూది వత్తే. సువాసనకి సెంటు స్ప్రే, రంగుకి మిఠాయి రంగు కలిపాను.

జవాబు: మాస్టారూ, మొట్టమొదట ఆ స్ప్రే మానేయండి. అందులో ఉండేది ఎక్కువగా ఆల్కహాలు, వేడి మైనంలో పోస్తే గుప్పున అంటుకోవచ్చు. కొవ్వొత్తుల కోసమే అమ్మే సువాసన నూనె తీసుకోండి, అరకిలో మైనానికి 30 గ్రాములు దాటనివ్వకండి. మిఠాయి రంగు నీళ్లలో కరిగేది, మైనంలో కలవకుండా అడుగున చుక్కలుగా దిగిపోతుంది. మైనం రంగులు విడిగా దొరుకుతాయి.

దీపం వత్తికి చుట్టూ పల్చటి నూనె ఉంటుంది, అందుకని వదులు దూది అయినా పీల్చుకుంటుంది. మైనానికి అల్లిన నూలు వత్తి కావాలి, దాన్ని ముందు కరిగిన మైనంలో ముంచి తిన్నగా ఆరబెట్టి నిలబెట్టాలి. బావి పడుతోందంటే గ్లాసు వెడల్పుకి వత్తి సన్నం. ఒక సైజు లావుది పెట్టి చూడండి, మొదటిసారి వెలిగించినప్పుడు మైనం అంచుల దాకా కరిగే వరకూ ఆర్పకండి. మంట పెద్దదై పొగ వస్తే వత్తిని పావు అంగుళానికి కత్తిరించాలి.

గుంట మీ తప్పు కాదు, పారాఫిన్ మైనం చల్లారితే ముడుచుకుంటుంది. కొంచెం మైనం అట్టేపెట్టుకుని, పైన తెట్టు కట్టాక వత్తి పక్కన పుల్లతో రెండు మూడు కన్నాలు పొడిచి, మొదటిసారి కంటే కాస్త వేడిగా రెండోసారి పోయండి. మైనం నేరుగా స్టవ్ మీద కాచకండి, నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. పొరపాటున అంటుకుంటే నీళ్లు పోయకూడదని మనవరాలికి కూడా చెప్పండి, స్టవ్ కట్టేసి మూత పెట్టేయడమే. పల్చటి టీ గ్లాసులు వేడికి పగులుతాయి, మందపాటి గాజువి తీసుకోండి.

ప్రశ్న: అక్కా, మాది విజయనగరమే. గ్లిజరిన్ బేస్ (కరిగించి అచ్చులో పోసుకోవడానికి రెడీమేడ్‌గా దొరికే సబ్బు ముద్ద) కరిగించి చేసిన సబ్బులకి చెమట పడుతోంది. పైడితల్లమ్మ జాతరకి స్టాల్ పెట్టి కొవ్వొత్తులతో పాటు ఇవీ అమ్ముదామనుకుంటున్నాను.

జవాబు: గ్లిజరిన్ గాల్లో తేమని లాక్కుంటుంది, వానాకాలం మన గాలి సంగతి నీకు తెలుసు. పాడవలేదు. తుడిచి, అచ్చు నుంచి తీసిన రోజే గాలి చొరకుండా పల్చటి ప్లాస్టిక్‌తో బిగించి చుట్టు, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, బయటికి తీయగానే ఇంకా ఎక్కువ తడిసిపోతాయి.

అమ్మే సంగతికొస్తే, ఒంటి సబ్బు మన చట్టంలో కాస్మెటిక్ కిందకి వస్తుంది. తయారుచేసి అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు ఉండాలి, చిన్న స్టాలైనా సరే. ఈ జాతరకి కొవ్వొత్తులు పెట్టు, సబ్బులు చుట్టాలకి, స్నేహితులకి ఇచ్చి వాడి చూడమను. పండగ హడావిడి అయ్యాక ఆ శాఖ ఆఫీసుకి వెళ్లి ఏం కావాలో కనుక్కో.