పాత స్ప్లెండర్: తాళం కదిపితేనే కరెంట్ వస్తోందంటే

అన్నా, మీ 2002 హీరో హోండా స్ప్లెండర్‌కి తాళం అటూ ఇటూ కదిపితేనే న్యూట్రల్ లైట్ వెలుగుతోందన్నారు కదా. అనుమానం తాళం అడుగున ఉండే కాంటాక్ట్ ప్లేట్ (తాళం తిప్పగానే కరెంట్ కలిపే భాగం) మీదే. నా బండి ఇలాగే విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిపోతే ఎంత టెన్షన్ పడ్డానో!

ముందు బ్యాటరీ వైరు తీసేయండి. హెడ్‌లైట్ విప్పితే స్విచ్ కప్లర్ (తాళం వైర్లు కలిసే ప్లాస్టిక్ జాయింట్) కనిపిస్తుంది. అది ఊడదీసి, తాళం ఆన్‌లో పెట్టి, స్విచ్ వైపు ఎరుపు, నలుపు వైర్ల మధ్య మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో (రెండు కొనలూ కలిసి ఉంటే కూత పెట్టేది) పెట్టండి. తాళం కదిపినప్పుడల్లా బీప్ తెగుతుంటే లోపం అక్కడే. నా ప్లేట్ విప్పితే రాగి బొడిపెల మీద నల్లటి మసి పేరుకుని ఉంది. సన్న ఎమెరీ పేపర్‌తో మెల్లగా రుద్దితే సరిపోయింది. ప్లాస్టిక్ కరిగి ఉంటే మాత్రం ఆటోనగర్‌లో కొత్త స్విచ్ తెచ్చుకోండి. వైర్లు డైరెక్ట్‌గా కలిపేయమని ఎవరైనా చెప్పినా ఒప్పుకోకండి, తాళం లేకుండానే బండి ఎత్తుకుపోతారు.