దయ్యానికి వత్తు పెట్టాలా?

సందేహం: మా అబ్బాయి ఆరో తరగతి. స్పెల్లింగ్ టెస్టుకి జి, హెచ్ పక్కపక్కన వచ్చే ఇంగ్లీషు మాటలు ఇచ్చారు: గోస్ట్, నైట్, కాఫ్, డాటర్, ఇంకా ఏవో. వాడు నోట్సులో 'ఘోస్ట్ – దయ్యం' అని రాసుకున్నాడు. గోస్ట్ అని దిద్దితే, 'జి పక్కన హెచ్ ఉంటే ఘ కాదా, రఘు పేరు అలాగే రాస్తాంగా' అని ఎదురు ప్రశ్న వేశాడు. సినిమా పోస్టర్ల మీద కూడా ఘోస్ట్ అనే చూస్తున్నాను. ఏది ఒప్పు? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీవాడి తర్కం బాగుంది. తప్పల్లా వాడు ఇంగ్లీషువాణ్ని నమ్మడంలో ఉంది.

ముందు చిన్న పరీక్ష. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని 'ఘటం' అనమనండి. గాలి చేతికి తగులుతుంది. ఇంగ్లీషువాడు గోస్ట్ అన్నప్పుడు ఆ గాలి ఉండదు. వాడి మాటలో ఉన్నది ఉత్త గకారమే. పాత ఇంగ్లీషులో ఈ మాటకు హెచ్ లేనే లేదు, 'గాస్ట్' అనేవారు. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులోని వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అంతకుముందు ఆయన చాలా ఏళ్లు ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్ నగరంలో ఉన్నాడు. అక్కడి ఫ్లెమిష్ భాషలో దయ్యాన్ని జి-హెచ్‌తోనే రాసేవారు. ఆ అలవాటు ఆయన అచ్చులోకి వచ్చి పడింది. బాతుకీ (గూస్) మేకకీ (గోట్) కూడా అప్పట్లో ఈ హెచ్ తగిలించి చూశారు కానీ అవి విదిలించుకున్నాయి. దయ్యానికి మాత్రం పట్టిన హెచ్ వదల్లేదు.

నైట్, లైట్, ఎయిట్, డాటర్‌లది వేరే కథ. ఆ జి-హెచ్ ఒకప్పుడు నిజంగా పలికేది, గొంతులో గీరుతున్నట్టు, హకారానికీ ఖకారానికీ మధ్యలో. స్కాట్లండ్ పాతకాలపు పలుకుబడిలో 'నిఖ్ట్' ఉంది, జర్మన్లు ఇప్పటికీ 'నఖ్ట్' అంటారు. మన 'నక్తం' వీటికి బంధువే. నక్తంచరులంటే రాత్రి తిరిగేవాళ్లు, అంటే రాక్షసులు. (నైట్ డ్యూటీ చేసేవాళ్లు మన్నించాలి.) ఇంగ్లీషులో శబ్దం పోయి అక్షరం మిగిలింది. కాఫ్, రఫ్, టఫ్‌లలో ఆ గీర ఫకారంలా మారిపోయింది.

వీటన్నిటిలో నాకు ముద్దు వచ్చేది డాటర్. జర్మన్‌లో టొఖ్టర్, పారశీకంలో దుఖ్తర్, సంస్కృతంలో దుహిత. జానకిని 'జనకదుహిత' అంటామే, ఆ దుహిత. ఇంగ్లీషులో జి-హెచ్ కూర్చున్న చోటే సంస్కృతంలో హకారం ఉంది చూడండి. వేదంలోని మాటల పుట్టుక చెప్పిన యాస్కుడు తన నిరుక్తంలో ఈ మాటకు 'దుహితా దుర్హితా, దూరే హితా, దోగ్ధేర్వా' అని మూడు వ్యుత్పత్తులు చెప్పాడు. మొదటి దాని జోలికి పోను, ఆడపిల్లలున్నవాణ్ని. రెండోది, దూరంగా ఉంటే హితమైనది అని. మూడోది, 'దుహ్' ధాతువు నుంచి, అంటే పాలు పితికేది. ఈనాటి భాషావేత్తలు మూడోదాన్ని కూడా గట్టిగా ఒప్పుకోరు. పోనీ, నేనూ పట్టుబట్టను. కానీ ఆ దుహ్ ధాతువు మీద పాణిని చేసిన పని చూడండి. దుహ్‌కి త చేరితే 'దుహ్త' అని ఉండాలి కదా, 'దుగ్ధం' (పాలు) ఎందుకైంది? 'దాదేర్ధాతోర్ఘః' అన్నాడాయన. దకారంతో మొదలయ్యే ధాతువు చివరి హకారానికి ఘకారం వస్తుందని. ఆ ఘకారమే పక్కనున్న తకారంతో కలిసి 'గ్ధ' అయింది. అంటే ఆ హకారం వెనక ఘకారం దాక్కుని ఉందని ఆయన పట్టేశాడు. మీ అబ్బాయి ఘకారం కోసం గోస్ట్‌లో వెతికాడు. పాలగ్లాసులో వెతకాల్సింది.

ఇంకో తమాషా. మన కూతురిని పాత పుస్తకాల్లో 'కూఁతురు' అని అరసున్నతో రాసేవారు. అదీ ఒకప్పుడు పలికిన నకారం ఆనవాలే. వాండు వాఁడయ్యాడు, మూండు మూఁడయింది, ఆ తర్వాత అరసున్న కూడా పోయింది. ఇంగ్లీషు కూతురిలోనూ తెలుగు కూతురిలోనూ ఒక్కో మూగ అక్షరం. మనం మనదాన్ని తీసేశాం, వాళ్లు దాచుకున్నారు. అరసున్నలు తీసేసినందుకు నాకింకా కోపమే. 'ఏఁడు' అంటే సంవత్సరమని, 'ఏడు' అంటే అంకె అని చూడగానే తెలిసేది. ఇప్పుడు 'ఏడేడు' అని రాస్తే ఏడుసార్లు ఏడో, ఏడు సంవత్సరాలో తేల్చుకోలేక చస్తున్నాం.

సరే, మీ ప్రశ్నకొస్తాను. ఘాట్ రోడ్డుకి ఘ ఉండాల్సిందే. అది హిందీ నుంచి వచ్చిన మాట, అసలులోనే ఘ ఉంది. ఘీ కూడా అంతే, నెయ్యి అనే చక్కని మాట ఉండగా అది మనకెందుకన్నది వేరే గొడవ. గజల్‌లో ఉన్నది, ఉర్దూ కవి గాలిబ్ పేరులో ఉన్నది అరబ్బీ శబ్దం, మన ఘకారం కాదు. దాశరథి 'గాలిబ్ గీతాలు' అనే రాశారు, ఘాలిబ్ అనలేదు. ఉర్దూ బాగా తెలిసిన చెవి అది. స్పగెట్టీలో హెచ్ ఉన్నది జి మెత్తబడి 'జ' కాకుండా కాపలా కాయడానికి. డిలైట్‌లో జి-హెచ్ ఉత్త పుణ్యానికి వచ్చింది, లైట్‌ని చూసి పెట్టుకున్న వాత.

ఈ లెక్కన గోస్ట్ అనే రాయాలి. తెలుగుకి వ్యాకరణం రాసిన చిన్నయసూరి తెనుఁగునకు వర్ణములు ముప్పదియాఱు అన్నాడు, అందులో ఘ లేదు. సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్న మాటలతో పాటే అది మనకు వచ్చింది. ఘంటని గంట చేసుకుని, ఘటికని గడియ చేసుకుని బతికిన నోరు మనది. అలాంటిది, వత్తు లేని మాటకి కొత్తగా వత్తు పెట్టడం ఏమిటి? ఇంకా విచిత్రం, ఘోస్ట్ అని రాసే మనిషే మేఘనని 'మేగనా' అని పిలుస్తాడు. ఉన్నచోట మింగి, లేనిచోట కక్కడం. పోస్టరు వాళ్లకి ఘ ఎందుకిష్టమో నాకు తెలుసు. ఘోరం, ఘాతుకం, ఘీంకారం పక్కన నిలబెడితే ఆ అక్షరానికి కోరలొస్తాయి. కింద నెత్తురు చుక్కలు కారించడానికి కూడా వీలుగా ఉంటుంది.

అయితే మీవాడు తిరగబడి 'మరి ఫోన్‌కి ఫ ఎందుకు?' అంటే నా దగ్గర గట్టి జవాబు లేదు. ఫలంలోని ఫకారం వేరు, ఫోన్‌లోది వేరు. ఆ శబ్దానికి మనకు అక్షరం లేక ఉన్నదాన్ని వాడుకున్నాం, అలవాటైపోయింది. థాంక్స్‌ది కూడా అదే కథ. ఘోస్ట్ కూడా రేపు అలా స్థిరపడితే నిఘంటువులు ఎక్కించుకుంటాయి, నేను అడ్డుపడలేను. అంతవరకు గోస్ట్ అని దిద్దండి. కానీ మార్కులు తగ్గించకండి.

హికప్‌ని కూడా కొందరు చివర జి-హెచ్‌తో రాస్తారు. అది దగ్గు మాటతో పొరబడి పెట్టిన స్పెల్లింగు. టెస్టులో అది వస్తే ఎలా పలకాలని వాడు అడుగుతాడు. హికప్ అనే. హికాఫ్ అంటే ఎక్కిళ్లూ దగ్గూ కలిసి వచ్చినట్టుంటుంది.